చెయ్యని వంతు

పలాసలో జీడిబట్టీ ముందు ఇరవై ఆరేళ్లు కూర్చున్న మనిషికి నొప్పి గురించి కొత్తగా నేర్పవలసింది ఏమీ ఉండదు. అయినా తవిటమ్మకి నేర్పడానికని విశాఖపట్నం నుంచి నల్లటి పెట్టెలో పెట్టి మరీ ఒక పట్టీ పంపించారు. దాన్ని తెచ్చింది కూడా ఎవరో పరాయి మనిషి కాదు, ఆమె కడుపున పుట్టిన హిమజే.

పట్టీ సంగతి తరవాత చెబుతాను. దానికి ముందు ఒక మధ్యాహ్నం ఉంది. అది తెలియకపోతే మిగతాది తెలిసీ లాభం లేదు.

ఆ రోజు బట్టీకి సెలవు. తవిటమ్మ అక్క వరస కలిపి అప్పా అని పిలిచే దాలమ్మని పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి పంపేసి నాలుగు రోజులైంది. డొక్కలో లేచిన గడ్డ వీపు దాకా పాకింది, ఇక కోసేదీ లేదు, కరిగించేదీ లేదు, ఇంటి దగ్గరే ఉంచి నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నారు. చూసుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు గనక? భర్త పోయి పన్నెండేళ్లు, పిల్లల్లేరు. ఉన్నదల్లా బట్టీలో ఆమెతో పాటు పనిచేసే ఆరుగురు ఆడవాళ్లు. ఆ ఆరుగురూ చెప్పాపెట్టకుండా, చంకన జీడిపప్పు బుట్టలతో సహా, ఆ ఒంటిగది ఇంట్లోకి దిగబడ్డారు. జీడిపిక్క పగలగొట్టే పనిని మిషన్లు ఎప్పుడో పట్టుకుపోయాయి గానీ, బట్టీ మీద వేయించే పనీ, పప్పు విరగకుండా పొట్టు తీసే పనీ ఇంకా ఆడవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అందుకని ఎవరి బుట్ట వాళ్లు ముందు పెట్టుకుని, పొట్టు తీస్తూ కబుర్లు మొదలెట్టారు. నీలవేణి లేచి, మేస్త్రీ పంచె ఎగ్గట్టి ఎలా నడుస్తాడో నడిచి చూపించింది. దాలమ్మ నవ్వలేక డొక్క పట్టుకుని, "ఒగ్గీయే తల్లీ, సచ్చిపోతాను" అంటూనే నవ్వింది.

సరిగ్గా అప్పుడే హిమజ లోపలికొచ్చింది. నర్సు చదువు చదివి, విశాఖలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఆఖరి రోజులు ఇంట్లోనే గడుపుతున్న రోగులకి తోడుండే పథకం ఒకటి వాళ్లు మొదలుపెట్టారు. అందులో నలభై ఇళ్లున్నాయి. పెద్దమ్మ ఇల్లు కూడా అందులో చేరాలని ఈ పిల్ల పట్టుబట్టి కూర్చుంది. చేతిలో అట్ట పుస్తకం ఒకటి ఉంది. దానికి నొప్పి పుస్తకం అని పేరు. రోజుకో పేజీ.

"పెద్దమ్మా, సున్నా అంటే నొప్పి అసలు లేదు. పది అంటే ఇక నావల్ల కాదు. ఇప్పుడు ఎంతుంది?"

దాలమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఇంకా నవ్వు ఆగక, "మూడు" అంది.

హిమజ మొహం వాడిపోయింది. "మూడంటే పథకంలో తీసుకోరు పెద్దమ్మా. మంచం రాదు, మందు రాదు."

"మరెంతుండాలేటి?"

"ఏడు దాటాలి."

"అయితే నీకు నచ్చినంత ఏసుకో. అంకెకి కరువా?"

హిమజ మొదటి పేజీలో ఎనిమిది వేసింది. అందరూ గొల్లున నవ్వారు. తవిటమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. తన కూతురు ఒక్క అంకె వేసిందంటే తలవైపు ఎత్తు లేచే మంచం, మెత్తటి పరుపు, వారానికి రెండుసార్లు నర్సు, మార్ఫిన్ మందు సీసా అన్నీ వచ్చి వాలుతున్నాయి. ఆ రోజు ఆమె ఆనందం ఇంతా అంతా కాదు.

*

మంచం వచ్చిన మూడో రోజున నల్లపెట్టె వచ్చింది. అందులో చెయ్యంత వెడల్పు పట్టీ ఒకటి, వేలంత సన్నటివి ఆరు ఉన్నాయి.

"పెద్దది పెద్దమ్మకి. నరాల్లో పుట్టే నొప్పిని ఇది పట్టుకుంటుంది" అంది హిమజ. "చిన్నవి మీకు. ఎవరు కట్టుకుంటే వాళ్లకి కొంత వెళ్తుంది. అంత మేరా పెద్దమ్మకి తగ్గుతుంది. ఈ గదిలో ఉంటేనే పనిచేస్తుంది, అదీ ఒకసారి ఒక్కరికే. కాబట్టి రోజూ ఒకరి తరవాత ఒకరు వచ్చేలా వంతులేసుకోండి."

"నొప్పిని కూడా పంచుతారేటే?" అంది రాజులమ్మ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, లేవాలంటే గోడ పట్టుకోవాలి.

"ముందు నాను" అని తవిటమ్మ చెయ్యి చాపింది.

కట్టిన రెండు నిమిషాలకి వచ్చింది. కుడి డొక్క కింద ఎవరో మోకాలు పెట్టి అదుముతున్నట్టు మొదలై, వీపులోకి తిరిగింది. తవిటమ్మ కిక్కురుమనకూడదు అనుకుంది గానీ మొహం మాట వినలేదు. పెదవి కరుచుకుంది, నుదుట చెమట పట్టింది. దాలమ్మ ఆ మొహాన్నే చూస్తోంది.

"వచ్చిందేటే?"

"వచ్చిందప్పా."

"ఓలమ్మా!" దాలమ్మ డొక్క తడుముకుంది. "నాకు తేలిగ్గుందే! నిజం, తేలిగ్గుంది!"

తవిటమ్మకి ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. హిమజ పుట్టినప్పుడు తను పచ్చి బాలింత. బట్టీ పొగ పిల్లకి పడదని దాలమ్మ ఆమె బదులు ఏడు బట్టీ వంతులు కూర్చుంది. బట్టీ ముందు కూర్చోవడమంటే ఒళ్లు మాడడం, జీడి చిట్లి చేతుల మీద పడడం. అందుకే ఆ పని ఎవరూ వరసగా చెయ్యరు, వంతులేసుకుంటారు. ఒకరికి బాగోకపోతే ఇంకొకరు చేస్తారు, కోలుకున్నాక వీళ్లు వాళ్లకి చేస్తారు. దాన్నే బదులు అంటారు. బదులు ఎగ్గొట్టిన మనిషి లేదు ఆ బట్టీలో. అంతకంటే పెద్ద పాపం ఇంకొకటుంది. చెయ్యని వంతుకి బదులు పుచ్చుకోవడం. పూర్వం గున్నమ్మ అనే ఆవిడ వేరేవాళ్ల వంతు చేశానని అబద్ధమాడి బదులు చేయించుకుందట. సంగతి బయటపడ్డాక ఆవిడకి ఎవరూ ఎదురు చెప్పలేదు, తిట్టలేదు. ఆవిడకి ఒలిచిచ్చిన పప్పుని ఆవిడ చేతే తమ ఒళ్లో పోయించుకుని వెనక్కి పుచ్చుకున్నారు. అంతే, బతికినన్నాళ్లూ ఆవిడ వంతు ఆవిడే చేసుకుంది.

దాలమ్మ ఏడు వంతులూ తవిటమ్మ ఎప్పుడో తీర్చేసింది. కానీ మనసులో తీరలేదు. ఈ పట్టీతో తీరుతుందనుకుంది.

*

మొదటి వారం పుస్తకంలో అంకె ఆరుకి దిగింది. రెండో వారం నాలుగు. నెల తిరిగేసరికి రెండు దగ్గర నిలబడింది. పరిశోధనశాల వాళ్లు సంతోషించి, పూటకి రెండు మూతల మందుని ఒక మూతకి తగ్గించారు. మందు తక్కువైతే మత్తు తక్కువవుతుంది, మనిషి నలుగురితో మాట్లాడగలుగుతుంది అని హిమజ చెప్పింది.

కానీ దాలమ్మ మాట్లాడడం తగ్గింది. వంతులేసుకున్నాక ఆ ఇంట్లోకి ఒకరి తరవాత ఒకరే రావడం, పట్టీ కట్టుకుని కూర్చోవడం, నొప్పి వచ్చిన కాసేపూ పళ్ల బిగువున ఉండి వెళ్లిపోవడం. నవ్వించే ఓపిక ఎవరికుంటుంది? నీలవేణి నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటిది కూడా మౌనంగా కూర్చుని పొట్టు తీసుకుని పోయేది. ఎవరైనా పట్టీ చేతికి కట్టుకోగానే దాలమ్మ మొహం తిప్పుకునేది. దుప్పటి మెడ దాకా కప్పుకుని, చేతులు లోపల పెట్టుకుని పడుకునేది.

ఇంకో చిత్రం ఉంది. తవిటమ్మ ఇంటికెళ్లి బుట్ట చూసుకుంటే, తను తీసినదానికంటే పప్పు ఎక్కువుండేది. రాజులమ్మా అదే మాటంది. "నొప్పి పడితే సెయ్యి జోరుగా ఆడుద్దేమోనే" అని నవ్వుకున్నారు.

పట్టీ వచ్చిన ముప్పై నాలుగో రోజు మధ్యాహ్నం, ఎప్పటిలాగే తవిటమ్మ వంతు వచ్చింది. పట్టీ కట్టుకుని, మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. దాలమ్మ గోడవైపు తిరిగి, దుప్పటిలో ఉంది. నాలుగు దాటాక నొప్పి మొదలైంది. అలవాటైన చోటే, డొక్క కింద. తవిటమ్మ బుట్ట పట్టుకోబోతే అది చేజారి, పప్పు మంచం కిందికి దొర్లింది. నడుం పట్టుకుని వంగి, ఏరుకుంటూ పోతే మంచం కాలి దగ్గర గుడ్డ సంచి తగిలింది. సంచిలో దాలమ్మ పట్టీ ఉంది.

తవిటమ్మకి ముందు అర్థం కాలేదు. పట్టీ నేల మీద ఉంది, చల్లగా. తన డొక్కలో నొప్పి మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

లేచి దుప్పటి లాగింది. దాలమ్మ చేతికి ఏమీ లేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. జాకెట్టు తడిసి ముద్దయింది. ఒళ్లో ఇన్ని జీడిపప్పులు, పక్కన ఇంత పొట్టు. వేళ్ల మధ్య ఒకటి సగం ఒలిచి ఉంది.

"ఏటప్పా ఇది?"

దాలమ్మ కొంగు తీసింది. దొంగతనం దొరికిన మనిషిలా చూసింది. "అరవకే. మీ హిమజ గుంట ఇంటాది."

"పట్టీ ఎప్పుడు తీసీసినావు?"

"రోజూ తీసేస్తాను. మీరొచ్చీటప్పటికే తీసేస్తాను." ఊపిరి తీసుకుని మళ్లీ అంది: "మీ మొకాలు సూళ్లేకపోయాను తవిటీ. ఆరుగురూ నా నొప్పి మోస్తన్నారు. తిరిగి నానెప్పుడు సేస్తాను? ఏ బట్టీ కూకుంటాను? అందుకని మీ బుట్టల్లోదే కసింత కసింత పప్పు తీసి ఒలిచి, మీరు సూడకుండా తిరిగి ఏస్తన్నాను. మిగతా నొప్పి నాదే నాను పడతన్నాను. రాసుకోడానికొస్తే రెండూ, రెండూ అని సెప్తన్నాను. ఎక్కువ సెప్తే మీ వంతులు పెంచీస్తారని."

తవిటమ్మ డొక్కలో నొప్పి ఇంకా పొడుస్తోంది. దాలమ్మ పట్టీ తన చేతిలో ఉంది.

మరి ఈ నొప్పి ఎవరిది?

*

హిమజ పక్కనే తమ ఇంటి వాకిట్లో కూర్చుని కాగితాలు రాసుకుంటోంది. తవిటమ్మ పెద్ద పట్టీని ఆ కాగితాల మీద పడేసింది.

"పెద్దమ్మ తీసీసింది. రోజూ తీసేస్తందట. నాకు మాత్రం రోజూ నొప్పొస్తంది. ఎక్కడినించొస్తందే?"

హిమజ తల ఎత్తలేదు. పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. కన్నతల్లికి అంతకంటే జవాబు అక్కర్లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తవిటమ్మ పట్టుకుంది, కానీ పట్టుకున్నందుకు ఏ దేవుడూ మెచ్చుకోడు.

"రేపు నాతో విశాఖ రా అమ్మా" అంది హిమజ చివరికి. "మేడం చెబుతారు. నా నోటితో నేను చెప్పలేను."

పరిశోధనశాల సముద్రం వైపు కొండ మీద ఉంది. లోపల ఒక గోడ నిండా తెర, దాని మీద నలభై గళ్లు. తవిటమ్మకి అక్షరాలు అంతగా రావు గానీ అంకెలొచ్చు. గడియారంలో టైము చదవడం వచ్చు. పలాస గడిలో ఆరు వరసలున్నాయి. ఒక వరస పక్కన నాలుగూ పది అని ఉంది, దాని పక్కన పన్నెండు. తనకి రోజూ నొప్పి నాలుగు దాటాకే వస్తుంది, పన్నెండు నిమిషాలే ఉంటుంది.

హిమజ చెప్పిన ఆ మేడం, డాక్టర్ విశాల, మర్యాదస్తురాలు. టీ తనే తెచ్చిచ్చింది. కళ్లకింద నలుపు చూస్తే ఆవిడా నిద్రపోయి చాలా రోజులైందని తెలుస్తోంది. తిప్పి తిప్పి చెప్పలేదు.

"ఒక మనిషి నొప్పిని ఇంకో మనిషికి పంపడం మా వల్ల కాలేదమ్మా. ఎలుకల్లో అయింది. మనుషుల్లో తొమ్మిదేళ్లు ప్రయత్నించాం, కాలేదు. కానీ ప్రయత్నిస్తుంటే ఒక సంగతి బయటపడింది. తన నొప్పిని పక్కవాళ్లు మోస్తున్నారని నమ్మిన రోగికి నొప్పి నిజంగానే తగ్గుతోంది. ఉత్త మాటతో కాదు, మోసేవాళ్ల మొహం చూస్తే తగ్గుతోంది."

"మరి మాకొచ్చిందేటి?"

"అది పట్టీ పుట్టించింది. నరం మీద చిన్న కరెంటు. హాని ఏమీ ఉండదు." విశాల టీ గ్లాసు పక్కన పెట్టింది. "నటించమని అడగలేం కదా. మొహం అబద్ధం చెప్పలేదు. అందుకని మీకు నిజం నొప్పే పెట్టాం."

తవిటమ్మ గోడ మీది నాలుగూ పదిని చూసింది. ముప్పై నాలుగు రోజులు తను పళ్లు బిగబట్టింది ఒక గడియారం కోసం.

"అంటే మా అప్ప నొప్పి మా ఆరుగురిలో ఏ ఒక్కరికీ గింజంత కూడా రానేదా?"

"లేదమ్మా."

"అంతా ఆవిడొక్కర్తే మోసుకున్నాదా?"

"ఆమెకి తగ్గింది కదా. పుస్తకంలో రెండే ఉంది."

అప్పుడు చెప్పింది తవిటమ్మ. దుప్పటి, నోట్లో కొంగు, మంచం కింద సంచి, బుట్టలో పెరిగిన పప్పు, బదులు సంగతి, అన్నీ. విశాల మొహం తెల్లబోయింది. "వాళ్లు తిరిగి తీర్చాలనుకుంటారని మాకు తోచనే లేదు" అంటూ పక్కనున్న కాగితం అందుకుని గబగబా రాయడం మొదలెట్టింది.

"రాసుకోకండి" అంది తవిటమ్మ.

విశాల చెయ్యి ఆగింది.

"అది మీకు రాసుకోడానికి సెప్పనేదు. మందు పెంచండి."

"పెంచుతాను. కానీ రోగి తన నోటితో చెబితేనే పెంచాలి, అది నియమం. ఆమె నొప్పి ఉందని చెప్పనివ్వండి, ఆ నిమిషమే పెంచుతాను." గొంతు తగ్గించి అంది: "పట్టీ గురించి మాత్రం ఆమెకి చెప్పకండమ్మా. ఈ మాట పాకితే మిగతా ముప్పై తొమ్మిది ఇళ్లలో ఉన్న నమ్మకం పోతుంది. వాళ్లలో చాలామందికి నిజంగానే మేలు జరుగుతోంది."

"మా గుంటకి ఇది మొదట్నించీ తెలుసా?"

గుమ్మం దగ్గర నిలబడిన హిమజని ఇద్దరూ చూశారు.

*

తిరుగు రైల్లో కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు తల్లీకూతుళ్లు. విజయనగరం దాటాక హిమజ నోరు విప్పింది.

"చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్నారమ్మా, ఎవరికీ చెప్పకూడదని."

"ఆ ఎవరికీలో నన్నూ కలిపీసినావు. నీకు పాలిచ్చినదాన్ని."

హిమజ ఏడ్చింది. ఏడుస్తూనే అంది: "నీ మొహం చూడలేకపోయేదాన్ని. నీ వంతు ఇరవై నిమిషాలుండేది. బతిమాలి పన్నెండుకి తగ్గించాను."

ఆ మాటతో తవిటమ్మకి ఒళ్లు మండిపోయింది. "నాకు తగ్గించినావా? నా నొప్పి ఉత్తదని తెలిసీ నాకు తగ్గించినావు. పెద్దమ్మది నిజం నొప్పి. దాని మందు సగం సేసినావు."

"రెండు అని చెప్పింది కదమ్మా! నాకేం తెలుసు? పెద్దమ్మకి నిజంగా తగ్గుతోందనుకున్నాను. అందుకే ఒప్పుకున్నాను, ఒట్టు."

తవిటమ్మ ఆ ఒట్టు నమ్మింది. నమ్మడమే ఎక్కువ కష్టమైంది. పిల్ల చెడ్డదైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచి చేస్తున్నాననుకుని ఇంత పని చేసినదాన్ని ఏమనాలి? పైకి చెప్పుకోవడానికీ లేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

రైలు శ్రీకాకుళం రోడ్డు దాటేసరికి ఆమెకి చెయ్యవలసింది తేలిపోయింది. దాలమ్మ నొప్పి ఉందని చెబితేనే మందు పెరుగుతుంది. నొప్పి ఆరుగురి మీదా పడుతుందని నమ్మినంతకాలం దాలమ్మ చెప్పదు. చెప్పించాలంటే ఆ నమ్మకం విరగ్గొట్టాలి. విరగ్గొడితే చచ్చిపోయే మనిషికి ఇక ఏం మిగులుతుంది? దాచితే ఇదిగో, ఈ పిల్లకీ తనకీ తేడా ఏముంటుంది?

*

మర్నాడు మధ్యాహ్నం తవిటమ్మ పట్టీ లేకుండా వెళ్లింది. హిమజని గుమ్మం బయటే ఆపింది.

దాలమ్మ ఆమె చేతులు చూసింది. "పట్టీ ఏదే? నీ వంతు గదా?" సమాధానం వచ్చేలోపే దిండు కింద నుంచి గుడ్డ మూట తీసింది. "ఇదుగో, నిన్న రానేదు గదా, నీది దాచినాను. ఎలాగూ సూసీసినావు, దాపరికం ఎందుకు?" అని ఒలిచిన పప్పుని తవిటమ్మ బుట్టలో పోసింది. ఒక్కటీ విరగలేదు. అంత నొప్పిలోనూ ఒక్కటీ విరగలేదు.

తవిటమ్మ దోసిళ్లతో ఎత్తి, ఆ పప్పుని దాలమ్మ ఒళ్లో పోసింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ పోసింది. అడుగున పడ్డ నాలుగు గింజలు కూడా ఏరి పోసింది.

జీడిబట్టీలో పనిచేసిన మనిషికి దాని అర్థం ఇంకొకరు చెప్పక్కర్లేదు. దాలమ్మ మొహం ఎర్రబడింది. "ఏటే? నా బదులు పనికిరాదేటి నీకు?"

"సెయ్యని వంతుకి బదులు తినకూడదప్పా."

"సెయ్యకపోడమేటి? నాను సూసినాను గదా నీ మొకం!"

"నొప్పి నిజమే. నీది కాదు." తవిటమ్మ పీట మీద కూర్చుంది. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. "నీది మాకెవలికీ రానేదు. పట్టీయే నొప్పి పుట్టించింది, టైము పెట్టి. మా మొకాలు సూసి నువ్వు నమ్ముతావని. నీకు తగ్గుద్దని."

దాలమ్మ పప్పు మీద చెయ్యి పెట్టుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయింది.

"రాజులమ్మ మోకాళ్లు పట్టుకుని వస్తాది" అంది చివరికి. "దాని వంతప్పుడు ఒక్కరోజు కూడా పట్టీ కట్టుకోనేదు నాను. పాపం ముసిలిదని. పళ్లు కరుసుకుని పడున్నాను. అది ఎవలికోసమే తవిటీ? ఎవలికోసం పడినాను?"

తవిటమ్మ ఆవిడ కాళ్ల మీద దుప్పటి సర్దింది.

"నాను మోసిందంతా నాదేనా?"

"నీదే అప్పా."

"హిమజకి తెలుసా?"

ఇక్కడ ఒక్క అబద్ధమాడి ఉంటే బాగుండునని తవిటమ్మకి ఇప్పటికీ అనిపిస్తుంది. పొత్తిళ్లలో ఉన్న హిమజని పొగ తగలకుండా ఒళ్లో పెట్టుకు తిరిగిన మనిషి ఆవిడ. కానీ అప్పటికే ఆ ఇంట్లో అబద్ధాలు చాలా పోగుపడ్డాయి.

"తెలుసు."

దాలమ్మ కళ్లు మూసుకుంది. కళ్లకొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి దిగాయి. తుడుచుకోలేదు. "అదెక్కడుంది? గుమ్మంలో ఉందా? రమ్మను."

హిమజ వచ్చి మంచం కాళ్లవైపు నిలబడింది.

"పుస్తకం తియ్యి. రోజూ అడిగినట్టు అడుగు."

"ఎంత... ఎంతుంది పెద్దమ్మా?"

"తొమ్మిది."

హిమజ రాసింది.

"నిన్నటిది తియ్యి. ఏటి రాసినావు?"

"నిన్న రాలేదు పెద్దమ్మా. మొన్న రెండు."

"కొట్టీ. తొమ్మిది రాయి. ఆ ముందుది?"

"రెండు."

"కొట్టీ. ఆ రోజు నీలవేణి వంతప్పుడు అడిగినావు. తొమ్మిది."

అలా ఒక్కొక్క పేజీ వెనక్కి తిప్పించింది. రోజులు ఆవిడకి తేదీలతో గుర్తులేవు, వచ్చిన మనుషులతో గుర్తున్నాయి. రాజులమ్మ గోడ పట్టుకుని లేచిన రోజు తొమ్మిది. మందు సగం చేసిన రోజు తొమ్మిది, ఆ పైన గీత పెట్టమంది. రెండుచోట్ల ఆలోచించి ఎనిమిది అంది. హిమజ కన్నీళ్లు పేజీ మీద పడితే, "తుడిసి రాయి, అంకె పోద్ది" అంది. మొదటిసారి పట్టీ కట్టిన రోజు దగ్గర ఆగింది. "ఆ రోజు తవిటి మొకం సూసి కసింత తగ్గింది. ఆరు రాయి. నానూ అబద్ధం ఆడకూడదు గదా."

పట్టీ రాకముందు పేజీల్లో ఉన్నవి తను చెప్పిన అంకెలే, వాటిని ముట్టలేదు. ఇక మొదటి పేజీ మిగిలింది.

"అక్కడేటుంది?"

"ఎనిమిది" అంది హిమజ, వినీ వినపడకుండా.

"అది నాను సెప్పిందేనా?"

హిమజ తల అడ్డంగా ఊపింది.

"ఆ రోజు మీ అమ్మోళ్లు ఆరుగురూ ఒక్కపాలి వచ్చీసినారు. మంచం నేదు, పట్టీ నేదు. నీలవేణి మేస్త్రీ నడక నడిచింది." దాలమ్మకి మాట్లాడే ఓపిక అయిపోయింది గానీ ఆ అంకె ఆవిడకి కావాలి. "మళ్లీ అలాగ ఎవలూ రానేదు. ఒక్కరొక్కరే వచ్చి మొకాలు ముడుసుకుని పోయినారు. ఆ రోజు మూడే. నిజంగా మూడే. రాయి."

హిమజ ఎనిమిదిని కొట్టేసి పక్కన మూడు వేసింది. తరవాత విశాఖకి ఫోన్ చేసి, చెప్పవలసిన అంకె చెప్పి, మందు సీసా మూత తిప్పింది. గ్లాసులో రెండు మూతలు పోసి దాలమ్మ నోటికి అందించబోతే, దాలమ్మ ఆ చేతిలోంచి తాగలేదు. తవిటమ్మ చేతికి ఇమ్మని కళ్లతో చూపించింది.

తవిటమ్మ గ్లాసు పుచ్చుకుంది. మొదటి రోజు ఆ ఎనిమిదిని చూసి అందరికంటే గట్టిగా నవ్వింది తనేనని ఆమెకి గుర్తుంది. దాలమ్మకి కూడా గుర్తుండే ఉంటుంది. మందు తాగి, ఒళ్లో పప్పు ఒళ్లోనే ఉండగా గోడవైపు తిరిగి పడుకుంది.